రెండు రాజ్యాల చెరువు

ఒకే వంటింట్లో ఇద్దరు కోడళ్లు మసలితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పప్పుచారులో ఉప్పు రెండుసార్లు పడుతుంది. లేదా "ఆమె వేసే ఉంటుందిలే" అని ఇద్దరమూ అనుకుని, అసలు పడనే పడదు. పెళ్లయిన కొత్తలో మా తోడికోడలూ నేనూ కలిసి కాచిన చారు ఈ రెండు రుచుల్నీ ఇంటిల్లిపాదికీ చూపించింది. కాపురాలు పాతబడ్డాక ఉప్పు సంగతి ఎలాగో సర్దుకున్నాం గానీ, మొన్న సంక్రాంతికి ముందు అదే గొడవ ఇంకో వేషం వేసుకొచ్చి మా నెత్తిన కూర్చుంది. ఈసారి చారు కాదు, కంప్యూటరు. రెండు కంప్యూటర్లు, ఒక డిస్కు. దాని ధర్మమా అని ఒకే ఇంట్లో ఉండి మేమిద్దరం 17 రోజులు మాట్లాడుకోలేదు.

మాది కర్నూలు. కింద మేము, మేడమీద మా మరిది వాళ్లు. 2009కి ముందు పాత ఊళ్లో ఉండేవాళ్లం. ఆ ఏడు అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ ఒక్కటై ఊరి మీదికి వచ్చినప్పుడు మనుషులం మేడెక్కి బతికిపోయాం. కింద గదిలో ట్రంకుపెట్టె మాత్రం మునిగిపోయింది. నీళ్లు తీసిన తరవాత తెరిచి చూస్తే, మూడు తరాల ఫోటోలు బురదలో ఒకదానికొకటి అతుక్కుని ఇటుక ముక్కలా ఉన్నాయి. మా అత్తగారి పెళ్లి ఫోటో ఒకే ఒకటి. ఆమె దాన్ని మెల్లగా విడదీసి ఎండలో పెట్టింది. ఎండిన తరవాత పూలదండ మిగిలింది, ముఖాలు లేవు. "పోనీలేమ్మా, మనుషులమున్నాం గదా" అని దాన్నే బియ్యపు డబ్బా మూతకింద దాచుకుంది.

అప్పటినుంచి నాకొక భయం పట్టుకుంది. దాచుకోవలసినది ఏదైనా కంప్యూటర్లో వేసేయడం మొదలుపెట్టాను. ఫోటోలతో ఆగలేదు. అత్తగారు పొద్దుపోయాక మంచం మీద కూచుని మాట్లాడుతుంటే ఫోను పక్కన పెట్టి రికార్డు చేసేదాన్ని. గొబ్బి పాటలు, ఓళిగల పూర్ణానికి బెల్లం పాకం ఎప్పుడు దించాలో ఆ గురుతు, 1952 కరువులో పదేళ్ల పిల్లగా గంజి కేంద్రం దగ్గర చెంబు పట్టుకుని వరసలో నిలబడిన సంగతి, మా మామగారితో మొదటిసారి పోట్లాడిన సంగతి. అట్లా 36 రికార్డులయ్యాయి. పోయిన కార్తీకంలో ఆమె వెళ్లిపోయింది. ఆ 36 మిగిలాయి.

సరే, డిస్కు సంగతికి వస్తాను.

మా మరిది కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఒక నల్లటి డబ్బా తెచ్చాడు. లోపల రెండు డిస్కులుంటాయట. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే పడుతుందట. "ఒకటి పాడైనా రెండోది ఉంటది పెద్దమ్మా. ఇంగ వరదొచ్చినా నీకు భయం లేదు" అన్నాడు. డబ్బాని అటక మీద, వరదకు కూడా అందనంత ఎత్తులో పెట్టించాను. నవ్వకండి, ఒకసారి మునిగిన వాళ్లకి తెలుస్తుంది.

మొదటి నెల అది నా కంప్యూటరుకు ఒక్కదానికే ఉండేది. 19 రికార్డులు అందులో వేశాను. ఆ తరవాత మా తోడికోడలు తనకూ కావాలంది. ఆమె ఇంట్లో చీరల వ్యాపారం చేస్తుంది. లెక్కలు, జీఎస్టీ బిల్లులు, కూతురి ఫంక్షను ఫోటోలు, అన్నీ ఉన్నాయి. పిల్లవాడు ముందు ఒక పద్ధతిలో పెట్టి చూశాడు గానీ, ఆమె లెక్కల ప్రోగ్రాము "నాకు సొంత డిస్కు ఉంటేనే పనిచేస్తాను" అని మొరాయించిందట. అందుకని వాడు ఐ-స్కజీ అనే ఇంకో పద్ధతి పెట్టాడు. దాంతో ఆ డబ్బాలోని చోటు నా కంప్యూటరుకి తన కడుపులో ఉన్న సొంత డిస్కులాగే కనిపిస్తుంది. మేడమీద కంప్యూటరుకీ అలాగే సొంత డిస్కులాగే కనిపిస్తుంది. రెండో కంప్యూటరును కలిపేటప్పుడు ఆ డబ్బా పాపం ఒక హెచ్చరిక కూడా చూపిందట, క్లస్టరు సాఫ్టువేరు లేకుండా ఒకటికి మించి కంప్యూటర్లు కలిపితే సమాచారం చెడిపోవచ్చునని. వాడు టిక్కు పెట్టి ముందుకుపోయాడు. ఇరవై ఏళ్ల వయసులో హెచ్చరికలు చదివేవాళ్లెవరు? నలభై దాటాక కూడా మందు సీసా మీద రాసింది చదవని మనం వాణ్ణి అనడానికి లేదు.

మొదటిరోజు అంతా బాగుంది. నేను పెట్టిన 19 రికార్డులూ ఆమెకు మేడమీద కనిపించాయి. ఇద్దరం ఒకే చెరువు నీళ్లు తాగుతున్నామని నమ్మడానికి అంతకంటే ఏం కావాలి? వాడు హైదరాబాదు వెళ్లిపోయాడు. నేను మిగతా 17 రికార్డులు, అంటే అత్తగారి ఆఖరు నెలలవి, అందులోకి ఎక్కించాను. ఫోను నిండిపోయిందని ఫోనులోంచి తీసేశాను. ఆమె తన కూతురి ఫోటోలు ఎక్కించింది.

రెండు రోజుల తరవాత పిట్టగోడ దగ్గర నిలబడి ఆమె అడిగింది, "అక్కా, మా పాప ఫోటోలు చూసినావా?" అని. నాకు ఒక్క ఫోటో కూడా కనపడలేదు. "నువ్వు పెట్టందే ఎట్ల చూస్తాను?" అన్నాను. "పెట్టినాను గదా, నాకు కనపడతాండాయే" అంది. "మరి అత్త ఆఖరు మాటలు విన్నావా?" అన్నాను. ఆమె కంప్యూటర్లో అవి లేవు. నా కంప్యూటర్లో ఉన్నాయి. ఒకటే డిస్కు, ఒకటే అటక. నాది ఆమెకు లేదు, ఆమెది నాకు లేదు.

ఎందుకైనా మంచిదని నా కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాను. ఫోటోలు వచ్చాయి! వచ్చిన సంతోషం నిమిషం కూడా నిలవలేదు. ఫోటోలు ఎక్కడొచ్చాయో అక్కడ నా 17 రికార్డులు లేవు. కొన్నిటికి పేరుంది, నొక్కితే తెరుచుకోవు. ఒకటి తెరుచుకుంది. ఓళిగలది. అత్తగారి గొంతు, "పాకం తీగె మాదిరి సాగతాన్నే దించగూడదమ్మా, ఇంగ రెండు నిముషాలు పెట్టి..." అంటూ ఉండగా గరగరమని చెవులు చిల్లులు పడే శబ్దం. ఆ శబ్దం చివరిదాకా అదే. ఆ గరగర ఏమిటో తరవాత తెలిసింది. అత్తగారి మాట ఉండాల్సిన చోట పాప ఫోటో ముక్క వచ్చి కూచుందట. ఫోటోని చెవితో వింటే అలాగే ఉంటుందట.

అంతలో కంప్యూటరు ఎంతో మర్యాదగా అడిగింది, "డిస్కులో తప్పులున్నాయి, బాగుచేయమంటారా?" అని. ఎవరు వద్దంటారు? సరే అన్నాను. నేను కింద బాగుచేయిస్తున్నాను, మేడమీద ఆమె కంప్యూటరు అదే డిస్కు మీద బిల్లులు రాస్తూనే ఉంది. ఒకరు ఇల్లు అలుకుతూంటే ఇంకొకరు బురదకాళ్లతో తిరిగినట్టు. బాగుచేత పూర్తయ్యేసరికి ఆమె నవంబరు నెల బిల్లులు సగం మాయం.

ఇక చూడండి. "మా పాప ఫోటోలు నీకంత బరువైనాయా అక్కా? అందుకని నా బిల్లులు గూడా తుడిచేసినావా?" అని ఆమె. "అత్త గొంతు తీసేసిందాన్ని నన్ను అడగతాండావా?" అని నేను. ఆ మాటల వెనక ఇంకేవో పాత మాటలున్నాయి. అత్తగారి ఆఖరు నెలల్లో ఎవరు ఎక్కువ చేశారు, ఆమె గాజులు ఎవరికిచ్చింది, అవన్నీ. డిస్కు ఒక వంక మాత్రమే. తలుపులు మూసుకున్నాం. 17 రోజులు మెట్ల మీద ఎదురైనా ఇద్దరం చెప్పులకేసి చూసుకుంటూ పోయాం.

పండక్కి పిల్లవాడు వచ్చాడు. సంగతంతా విని ముఖం పాలిపోయి, ముందు మేడమీద కంప్యూటరుకీ డబ్బాకీ ఉన్న సంబంధం తెంపేశాడు. తరవాత మా ఇద్దర్నీ ఒకచోట కూచోబెట్టి, "పెద్దమ్మా, అమ్మా, మీరెవరూ ఏం తీసేయలేదు. కంప్యూటర్లు గూడా తప్పు చేయలేదు. తప్పు చేసింది నేను" అన్నాడు. వాడు చెప్పింది నాకు అర్థమైన భాషలో చెబుతాను.

ఒక సామానుగది అనుకోండి. నిండా జాడీలు. నేను పొద్దున్నే ఒకసారి లోపలికెళ్లి ఏ జాడీలో ఏముంది, ఏది ఖాళీ అని చీటీ రాసుకుని కొంగున ముడేసుకుంటాను. ఇక రోజంతా గదిలోకి తొంగిచూడను, చీటీయే చూస్తాను. ఎందుకంటే ఈ గదికి నేనొక్కదాన్నే యజమానిని, నేను మార్చకుండా జాడీలు వాటంతటవి మారవు కదా! కంప్యూటరు సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. డిస్కును తగిలించగానే ఎక్కడ ఏముందో ఆ సూచిక చదివి తన జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. ప్రతిసారీ డిస్కు దాకా పోయి చూడటం ఆలస్యం కాబట్టి. రాయవలసినవి కూడా కొన్ని కాసేపు చేతిలో ఉంచుకుని తరవాత రాస్తుంది. డిస్కు దానికొక్కదానికే ఉన్నంతకాలం ఇది మంచి పొదుపు.

ఇప్పుడు అదే గదికి ఇంకో తలుపు పెట్టి మా తోడికోడల్ని రానివ్వండి. ఆమె కూడా పొద్దున్నే చీటీ రాసుకుంది. ఇద్దరి చీటీల్లోనూ ఏడో జాడీ ఖాళీ. నేను అందులో కందిపప్పు పోశాను, నా చీటీ దిద్దుకున్నాను. ఆమె చీటీని ఎవరు దిద్దుతారు? ఆమెకు ఏడో జాడీ ఇంకా ఖాళీయే. అందులో కారప్పొడి గుమ్మరించింది. ఇద్దరమూ నీతిమంతులమే, ఇద్దరమూ చీటీ ప్రకారమే నడిచాం. పప్పు మాత్రం నాశనం. పైగా సాయంత్రం గోడమీది పెద్ద జాబితాలో ఇద్దరం ఎవరి చీటీ వాళ్లం ఎక్కిస్తాం. ఆఖర్ని ఎక్కించినవాళ్ల మాటే మిగులుతుంది, ముందువాళ్ల సామాను ఉండి కూడా లేనట్టే.

"పోనీ ఆమె రాయకుండా, చూస్తూ మాత్రం ఉంటే?" అని అడిగాను. అదీ క్షేమం కాదట. ఆమె చూసేది పాత చీటీ. నేను సగం సర్దిన గదిలోకి చీకట్లో చెయ్యి పెట్టినట్టు. పైగా చూడటానికే తగిలించినా, మనకు తెలియకుండా కంప్యూటరు తన గుర్తులేవో డిస్కు మీద రాసుకుంటూనే ఉంటుందట.

"మరి రెండు డిస్కులున్నాయి, ఒకటి పోయినా రెండోది ఉంటదన్నావే?" అన్నాను. వాడు తలొంచుకున్నాడు. అద్దంలో బొమ్మలాగ ఒకదాంట్లో పడిందే రెండోదాంట్లో పడుతుంది. మంచి పడితే మంచి, చెత్త పడితే చెత్త. గరగర శబ్దం కూడా ఎంతో భద్రంగా రెండు ప్రతులు తయారైంది. డిస్కు చచ్చిపోతే కాపాడేది అది. మన చేతి తప్పు నుంచి కాపాడేది కాదు.

ఇదంతా వింటుంటే నాకు పుట్టిల్లు గుర్తొచ్చింది. మాది కడప జిల్లాలో చెరువు కింద పల్లె. చెరువుకు నీరుగంటి ఉండేవాడు. తూము తెరవాలన్నా, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలన్నా అతని మాటే. ఊరి పెద్దరెడ్డయినా సరే తన చేత్తో మడవ తెంచడానికి లేదు. రైతు చెప్పాలి, నీరుగంటి విప్పాలి, వంతు కాగానే కట్టేయాలి. ఒక్కో రైతు నడిరాత్రి పారతో వెళ్లి, చెరువంతా తనదే అన్నట్టు మడవ తెంచుకుంటే, తెల్లారేసరికి కింది మళ్లు ఎండిపోయేవి, పై మళ్లు కుళ్లిపోయేవి. రైతులు దొంగలని కాదు, ఒకడు తెంచింది ఇంకొకడికి తెలియదు, అంతే.

మా జిల్లాలోనే పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువుంది. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించినది. రోజుకు 1,000 మంది మనుషులు, 100 బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి సంస్కృత శాసనంలో ఉంది. మంచి చెరువుకు 12 అంగాలుండాలని, 6 దోషాలు ఉండకూడదని కూడా అందులో చెక్కించారు. కట్ట ఊటగారడం ఒక దోషం. చవిటి నేల ఒక దోషం. ఆ ఆరింటిలో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. చిన్నప్పుడు మా నాన్న ఇది చెబితే నాకు విడ్డూరంగా ఉండేది. సరిహద్దులో ఉంటే నీళ్లకేం తెలుసు? ఇప్పుడు తెలిసింది. కట్టలో లోపం లేదు, నీళ్లలో లోపం లేదు. ఇద్దరు రాజులు, ఎవరికి వారు తామే రాజనుకోవడం, అదీ దోషం. మా అటక మీద డబ్బా అచ్చంగా అలాంటి చెరువు.

అలాగని రెండు రాజ్యాలకు ఒక చెరువు ఉండనే కూడదా అంటే, ఎగువన తుంగభద్ర డ్యాము లేదూ? అప్పట్లో ఎడమ గట్టువైపు హైదరాబాదు ప్రభుత్వం, కుడిగట్టువైపు మద్రాసు ప్రభుత్వం, ఎవరి సగం వాళ్లు కట్టుకొచ్చారు. కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయిన 1953లోనే దానికి తుంగభద్ర బోర్డును ఏర్పరిచారు. ఎవరికి ఎన్ని నీళ్లు కావాలో ముందు బోర్డుకు చెప్పుకోవాలి, లెక్క చూసి వదలాలి. మా కె.సి. కాలువకు వచ్చే వాటా కూడా ఆ లెక్కలోదే. బోర్డున్నా తగాదాలు లేకపోలేదు. కానీ తగాదా పడటానికి ఒక లెక్క ఉంది, లెక్క చెప్పడానికి ఒక మనిషి ఉన్నాడు. మా డబ్బాకి అదీ లేదు.

డబ్బా చూపిన హెచ్చరికలోని క్లస్టరు సాఫ్టువేరు అంటే ఈ నీరుగంటేనట. 1983లోనే అమెరికాలో డిజిటల్ అనే కంపెనీ వ్యాక్స్‌క్లస్టర్ అని ఒక ఏర్పాటు ప్రకటించింది. అనేక కంప్యూటర్లు ఒకే డిస్కుల మీద రాయవచ్చు, అయితే మధ్యలో తాళాల పెత్తనం చేసే ప్రోగ్రాము ఒకటుంటుంది. ఏడో జాడీ ముట్టాలంటే ముందు దాని తాళం అడగాలి. నా చేతిలో తాళం ఉన్నంతసేపు మీరు ఆగాలి. నేను రాసి తాళం వదలగానే, మీరు మీ పాత చీటీ చింపేసి కొత్తగా చూసుకోవాలి. ఇంతే కిటుకు.

ఇలాంటి కిటుకు మనం రోజూ చూస్తున్నదే. రైలు రిజర్వేషను కంప్యూటర్ల మీద 1985లో న్యూఢిల్లీలో మొదలైంది. తరవాత ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదింటినీ 1999లో ఒకదానితో ఒకటి కలిపారు. కర్నూలు కౌంటర్లో నేనూ, ఇంకెక్కడో ఇంకొకామే ఒకే క్షణంలో ఒకే కింది బెర్తు అడిగితే, ఒకరికి ఇచ్చేదాకా రెండోవారి పని ఆగుతుంది. ఆ ఆగడం లేకపోతే రాత్రి డోన్ దాటాక ఒకే బెర్తు మీద ఇద్దరు ఆడవాళ్లు, రెండు బిందెలు, నలుగురు పిల్లలు. ఆ దృశ్యం మీరే ఊహించుకోండి.

ఈ తాళాల వ్యవహారంలో ఇంకో చిక్కుంది. తాళం తీసుకున్న కంప్యూటరు మధ్యలో మూర్ఛపోతే? అందుకని అవన్నీ క్షణక్షణం "ఉన్నావా?" "ఉన్నాను" అని ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయట. ఒకటి పలక్కపోతే, అది నిజంగా చచ్చిందో, కునుకు తీస్తూ ఏ క్షణాన లేచి పాత చీటీతో రాసేస్తుందో తెలియదు. కాబట్టి మిగతావి ముందు దాన్ని డిస్కునుంచి వెలివేస్తాయి. అవసరమైతే దాని కరెంటు తీసేస్తాయి. ఈ పనికి ఆ ఇంజనీర్లు స్టోనిత్ అని ముద్దుపేరు పెట్టారు. అవతలి యంత్రం తలలోకి తుపాకి పేల్చు అని దాని అర్థం. మా సీమ మీద సినిమావాళ్లు వేసిన నిందలు చాలవన్నట్టు, కంప్యూటర్లలో కూడానా అనుకున్నాను.

కానీ వాడు ఆఖర్ని చెప్పిన మాట దగ్గర నాకు నవ్వు ఆగిపోయింది. రెండే కంప్యూటర్లుండి, మధ్యలో తీగె తెగిపోతే, "అవతలిది పోయింది, ఇక అంతా నాదే" అని రెండూ అనుకుంటాయట. రెండూ పెత్తనానికి దిగుతాయట. అందుకని ఇద్దరున్నచోట మూడో ఓటు తప్పకుండా పెడతారట. పెద్ద పనేం చేయదు ఆ మూడోది. సాక్షిగా ఉంటుంది. తీగె తెగినప్పుడు ఎవరిమాట చెల్లాలో చెబుతుంది.

నేను మా తోడికోడలి వంక చూశాను. ఆమె నా వంక చూసింది. మా ఇంట్లో ఆ మూడో ఓటు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఉప్పు ఎవరు వేశారో ఆమెకే తెలిసేది. సామానుగది తాళాలగుత్తి ఆమె బొడ్లోనే ఉండేది. మాకు మాట పట్టింపు వస్తే, ఆమె నా దగ్గర ఒక మాట, ఆమె దగ్గర ఒక మాట చెప్పి, సాయంత్రానికి ఇద్దరి చేతా ఒకే చాటలో బియ్యం ఏరించేది. కార్తీకంలో ఆమె పోయింది. తీగె తెగింది. ఇద్దరం ఎవరి చీటీ వాళ్లం పట్టుకుని ఇల్లంతా మనదే అనుకున్నాం.

తరవాత జరిగింది చెప్పి ముగిస్తాను. పిల్లవాడు క్లస్టరు సాఫ్టువేరేమీ తెచ్చి పెట్టలేదు. మనలాంటి ఇళ్లకు అది దోమను కొట్టడానికి రోకలి లాంటిదట. ఇప్పుడు డిస్కుకు యజమాని ఆ డబ్బా ఒక్కటే. మా కంప్యూటర్లు రెండూ దాన్ని అడిగి ఫైలు తీసుకుంటాయి, దానికిచ్చి రాయించుకుంటాయి. దుకాణంలో కౌంటరు ఇవతల నిలబడి అడిగినట్టన్నమాట, అటువైపు వెళ్లి అర తడమకూడదు. వాడు మొదట పెట్టి చూసింది ఇదే పద్ధతి! లెక్కల ప్రోగ్రాముకు మేడమీద కంప్యూటర్లోనే చోటిచ్చి, రాత్రిళ్లు దాని నకలు మాత్రం డబ్బాలో పడేట్టు చేశాడు. ఇదికాక, నెలకోసారి అంతా ఇంకో డిస్కులోకి ఎక్కించి, దాన్ని ఊడదీసి బీరువాలో పెడతాం. తీగె లేని నకలు. ఒక తప్పు రెండింటినీ ఒకేసారి చేరలేదు. మీ ఇళ్లలో ఎవరైనా కుర్రవాడు "రెండు కంప్యూటర్లకూ సొంత డిస్కులాగే కనిపిస్తుంది" అని గొప్పగా చెబితే, "యజమాని ఎవరు నాయనా?" అని ఒక్క మాట అడగండి. ఏదైనా చెడిపోయినట్టు అనుమానమొస్తే బాగుచేయమని నొక్కకండి. ముందు ఒకటి తప్ప అన్నిటినీ విప్పేయండి.

36 రికార్డుల్లో మొదటి 19 చెక్కుచెదరలేదు. ఆఖరు నెలల 17లో 8 దొరికాయి. ఎట్లాగంటే, జేజి గొంతు వినాలనుందని బెంగుళూరులో ఉన్న మరిది కూతురు అడిగితే అప్పట్లో వాట్సాప్‌లో పంపాను. ఏ ఫోటోల గురించి పోట్లాడుకున్నామో ఆ పాపే. తన ఫోనులో జాగ్రత్తగా ఉంచుకుంది. 5 సగం సగం. 4 పూర్తిగా పోయాయి. గంజి కేంద్రం కథ ఆ నాలుగింటిలో ఉంది.

ఉగాదికి ఓళిగలు చేయాలని మా తోడికోడలు కిందికి వచ్చింది. నేను ఆ సగం రికార్డు పెట్టాను. "ఇంగ రెండు నిముషాలు పెట్టి..." దగ్గర ఆపేశాను, ఆ గరగర రాకముందే. ఆ తరవాత ఏం చెప్పింది? యాలకులు అప్పుడు వేయమందని నేను. కాదు, దించినాక వేయమందని ఆమె. ఇద్దరి చీటీలూ వేరే. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి పూర్ణం రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో నా ప్రకారం, ఒకదాంట్లో ఆమె ప్రకారం వేసి, రెండూ తిని చూశాం.

ఆమె చెప్పిందే అత్తగారి రుచి. నేను కొత్త పుస్తకం తీసి, "రాయమంటావా?" అని అడిగి, రాశాను.